కేస్ షీట్ నుంచి కంప్యూటర్‌కి: చిన్న ఆసుపత్రి రికార్డులు మార్చుకునే పద్ధతి

ఇరవై నుంచి యాభై పడకల ఆసుపత్రి నడిపే డాక్టర్లు, మేనేజర్లు తరచూ అడిగే ప్రశ్న ఒకటే: "కేస్ షీట్లు మానేసి కంప్యూటర్‌లోకి వెళ్దామనుకుంటున్నాం, ఏ సాఫ్ట్‌వేర్ కొనమంటారు?" ఆ ప్రశ్న మూడో మెట్టు దగ్గర వస్తుంది. అంతకంటే ముందు చేయాల్సిన పని చాలా ఉంది. సాఫ్ట్‌వేర్ ముందు కొని, పద్ధతి తర్వాత చూసుకుందామనుకున్న చోట సిస్టర్లు కాగితం మీదా రాస్తారు, కంప్యూటర్‌లోనూ కొడతారు. రెండింటికీ తేడా వస్తే ఏది నమ్మాలో ఎవరికీ తెలియదు. రోగికి అసలు ప్రమాదం అదే.

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లోని ప్రైవేటు, ట్రస్టు ఆసుపత్రులను దృష్టిలో పెట్టుకుని ఇది రాశాను. ప్రభుత్వ ఆసుపత్రులకు సాఫ్ట్‌వేర్ పైనుంచే వస్తుంది కాబట్టి వాళ్లు మూడో మెట్టు వదిలేసి మిగతావి చూసుకోవచ్చు.

1. ముందు కాగితం వెంట నడవండి

జ్వరంతో చేరిన ఒకరిని, ఆపరేషన్‌కి వచ్చిన ఒకరిని, కాన్పుకి వచ్చిన ఒకరిని ఎంచుకోండి. ఓపీ చీటీ రాసిన దగ్గర నుంచి, డిశ్చార్జ్ అయ్యాక కేస్ షీట్ రికార్డు రూంలో కట్ట కట్టేదాకా వాళ్ల కాగితాలు ఎవరెవరి చేతుల్లోకి వెళ్తున్నాయో దగ్గరుండి చూసి రాసుకోండి. మేనేజరు తన గదిలో కూర్చుని ఊహించి రాస్తే కుదరదు. రాత్రి డ్యూటీలో పని నడిచే తీరు పగటి డ్యూటీలా ఉండదు, అందుకే రాత్రి కూడా ఉండి చూడాలి.

ఒకే విషయం ఎన్నిసార్లు రాస్తున్నారో లెక్కపెట్టండి. పేరు, వయసు, ఊరు ఓపీ చీటీ మీద, అడ్మిషన్ రిజిస్టర్‌లో, కేస్ షీట్ మీద, ల్యాబ్ చీటీ మీద, బిల్లు మీద, ఎన్టీఆర్ వైద్య సేవ (ప్రభుత్వ ఉచిత వైద్య పథకం) కాగితాల మీద మళ్లీ మళ్లీ రాస్తారు. రాసిన ప్రతిసారీ ఓ అక్షరమో, ఓ ఏడాదో మారుతుంది.

ప్రతి ఫారం గురించి ఈ నాలుగూ నోట్ చేసుకోండి:

- ఎవరు రాస్తున్నారు, ఏ సమయానికి రాస్తున్నారు
- రాసినదాన్ని తర్వాత ఎవరు చదువుతున్నారు
- సంతకం గానీ వేలిముద్ర గానీ కావాలా
- చట్టం కోసం ఉంచుతున్నారా, అలవాటు కొద్దీ ఉంచుతున్నారా

ఎవరూ చదవని ఫారాన్ని కాగితం మీద ఉండగానే ఆపేయండి. కంప్యూటర్‌లోకి తెచ్చినంత మాత్రాన దాన్ని ఎవరూ కొత్తగా చదవరు, కానీ సిస్టర్ల సమయం మాత్రం రోజూ తింటుంది.

2. ఒక మనిషికి ఒకే నంబరు

మన జిల్లాల్లో ఈ మెట్టు మీద ఎంత సమయం పెట్టినా ఎక్కువ కాదు. ఒక రోగికి జీవితాంతం మీ ఆసుపత్రిలో ఒకే నంబరు ఉండాలి. ఓపీకి వచ్చినా, అడ్మిట్ అయినా, ఐదేళ్ల తర్వాత మళ్లీ వచ్చినా అదే నంబరు. ఐపీ నంబరు వేరు, అది అడ్మిషన్ అయిన ప్రతిసారీ మారుతుంది. ఈ రెండింటినీ కలిపేయడం దగ్గరే చాలా తప్పులు మొదలవుతాయి.

పేరుతో వెతికితే మనిషి దొరకడు. అప్పలనాయుడు, పైడిరాజు, రాములమ్మ, సూర్యనారాయణ అనే పేర్లు ప్రతి ఊళ్లోనూ ఉంటాయి. ఒకే ఊళ్లో ఒకే ఇంటిపేరుతో ఇద్దరు ముగ్గురు అప్పలనాయుళ్లు ఉండటం వింతేమీ కాదు. సింహాచలం అనే పేరు మగవాళ్లకూ ఉంటుంది, ఆడవాళ్లకూ ఉంటుంది. పైగా ఇంగ్లీషులో కొట్టేటప్పుడు అప్పలనాయుడు ఒకరోజు కలిసి, ఒకరోజు విడిగా, ఒకరోజు ఐ అక్షరంతో, ఇంకోరోజు వై అక్షరంతో పడుతుంది. కంప్యూటర్‌కి వాళ్లు నలుగురు మనుషులు.

కాబట్టి కౌంటర్‌లో కొత్త నంబరు ఇచ్చే ముందు తప్పకుండా మూడు రకాలుగా వెతకాలి: ఫోను నంబరుతో, పేరులో మొదటి నాలుగైదు అక్షరాలతో పాటు ఊరితో, తండ్రి లేదా భర్త పేరుతో. "ఇదివరకు వచ్చారా?" అని అడిగితే చాలాసార్లు "నేదు బాబూ" అనేస్తారు. "అమ్మా, ఎప్పుడైనా ఇక్కడ రక్తం తీశారా? పాత కాగితాలున్నాయా? అప్పుడు ఎవరి ఫోను రాయించారు?" అని అడిగితే దొరుకుతుంది.

కౌంటర్‌లో తప్పనిసరిగా తీసుకోవాల్సినవి:

- పేరు, ఇంటిపేరు వేర్వేరు గడుల్లో, ఆధార్‌లో గానీ రేషన్ కార్డులో గానీ ఉన్న స్పెల్లింగ్‌తోనే
- తండ్రి లేదా భర్త పేరు
- ఆడా, మగా, ఇతరులా
- పుట్టిన తేదీ. తెలియకపోతే పుట్టిన ఏడాది అంచనా, పక్కన "అంచనా" అన్న గుర్తు
- ఊరు, మండలం, జిల్లా, రాష్ట్రం
- ఫోను నంబరు, అది ఎవరిదో

వయసు అంకెగా రాయకండి. ఈ ఏడాది 60 అని రాస్తే మూడేళ్ల తర్వాత కూడా అది 60గానే ఉండిపోతుంది. పుట్టిన ఏడాది పెడితే వయసు దానంతటదే మారుతుంది. దీని అవసరం ఎంతో ఐదో మెట్టులో క్రియాటినిన్ (కిడ్నీ పనితీరు చూసే రక్త పరీక్ష) దగ్గర తెలుస్తుంది.

ఫోను ఎవరిదో రాయమనడానికి కారణం ఉంది. చాలా ఇళ్లల్లో ముసలివాళ్ల కాగితాల మీద ఉండేది కొడుకు నంబరు. ఆ కొడుకు వైజాగ్‌లోనో, హైదరాబాదులోనో, చెన్నైలోనో పనిలో ఉంటాడు. ఓటీపీ అక్కడికి పోతుంది. రిపోర్టు మెసేజ్ కూడా అక్కడికే పోతుంది.

ఊళ్ల విషయంలో మనకు ఇంకో చిక్కు ఉంది. 2022 ఏప్రిల్ 4న జిల్లాలు మారాయి. రాజాం శ్రీకాకుళం నుంచి విజయనగరంలోకి వచ్చింది, పాలకొండ పార్వతీపురం మన్యం జిల్లాలోకి వెళ్లింది. పాత కేస్ షీట్లో ఒక జిల్లా, ఇవాళ్టి చీటీలో ఇంకో జిల్లా ఉంటే కంప్యూటర్ ఇద్దరనుకుంటుంది. ఊరిని చేత్తో కొట్టించకుండా మండలాల వారీ జాబితా ముందే ఎక్కించి, అందులోంచి ఎంచుకునేలా పెట్టండి. పర్లాకిమిడి, గుణుపూర్, రాయగడ వైపు నుంచి వచ్చేవాళ్ల కోసం ఒడిశా ఊళ్లు కూడా అందులో ఉండాలి.

ఆభా నంబరు, అంటే 14 అంకెల ఆరోగ్య ఖాతా నంబరు ఉంటే తీసుకోండి. లేకపోతే చేసుకోమని చెప్పవచ్చు, బలవంతం చేయకూడదు. అది స్వచ్ఛందం. అది లేదని వైద్యం ఆపకూడదు. మీ సొంత నంబరుకు అది బదులు కాదు, పక్కన ఉండే ఇంకో గడి మాత్రమే.

మరో మూడు సందర్భాలకు నియమం ముందే రాసి కౌంటర్‌లో అంటించండి. పుట్టిన బిడ్డకు వెంటనే సొంత నంబరు ఇచ్చి తల్లి నంబరుతో ముడిపెట్టాలి. కవలలైతే ఒకటి, రెండు అని విడివిడిగా. 108లో స్పృహ లేకుండా వచ్చినవాళ్లకు తాత్కాలిక నంబరు ఇచ్చి, వివరాలు తెలిశాక అసలు నంబరుతో కలపాలి. ఒకే మనిషికి రెండు నంబర్లు పడ్డాయని తేలితే వాటిని కలిపే అధికారం రికార్డుల బాధ్యుడు ఒక్కరికే ఉండాలి. ఇద్దరు వేర్వేరు మనుషుల రికార్డులు పొరపాటున కలిసిపోతే విడదీయడం చాలా కష్టం. ఒకరి బ్లడ్ గ్రూపు ఇంకొకరి పేరు మీద కనిపిస్తుంది.

3. సాఫ్ట్‌వేర్ ఎంపిక

అమ్మేవాళ్లు తెచ్చిన నమూనా రోగులతో డెమో చూడకండి. మీ దగ్గరి ఐదు నిజమైన కేస్ షీట్లు తీసి, పేర్లు మార్చి ఇవ్వండి. ఒక డెంగీ, ఒక కాన్పు, ఒక యాక్సిడెంట్ ఎంఎల్‌సీ (పోలీసులకు తెలపాల్సిన మెడికో లీగల్ కేసు), ఒక కిడ్నీ కేసు, ఒక వైద్య సేవ ఆపరేషన్. వాటిని అమ్మేవాళ్ల మనిషి కాకుండా మీ స్టాఫ్ నర్సు కొట్టాలి. ఆమెకు ఎక్కడ చేయి ఆగిందో అక్కడే రేపు వార్డులో పని ఆగుతుంది.

సంతకం పెట్టే ముందు రాతపూర్వకంగా తీసుకోవాల్సిన జవాబులు:

- మేం మానుకుంటే మా డేటా మొత్తం, స్కాన్‌లతో సహా, ఇంకో సాఫ్ట్‌వేర్ చదవగలిగే రూపంలో ఎన్ని రోజుల్లో ఇస్తారు, దానికి డబ్బు తీసుకుంటారా
- నెట్ లేనప్పుడు ఆసుపత్రి లోపల పనిచేస్తుందా
- ఎవరు, ఎప్పుడు, ఏది మార్చారో చెరపలేని చిట్టా ఉంటుందా
- డాక్టరు, సిస్టరు, ల్యాబ్, బిల్లింగ్, ఒక్కొక్కరికి కనిపించేది విడిగా పెట్టవచ్చా
- ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌తో (ఆసుపత్రుల రికార్డులను రోగి అనుమతితో కలిపే కేంద్ర ప్రభుత్వ ఏర్పాటు, ఆభా నంబరు దీనిదే) అనుసంధానం ఇప్పటికే ఉందా, లేక "వస్తుంది" అంటున్నారా
- మా ల్యాబ్ మెషీన్ల నుంచి ఫలితాలు నేరుగా తీసుకుంటుందా
- తెలుగులో ప్రింటు వస్తుందా
- ఆదివారం రాత్రి ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి

మొదటి ప్రశ్నకు సూటిగా జవాబు రాకపోతే మిగతావి ఎంత బాగున్నా వదిలేయండి. రికార్డులు మీ రోగులవి. అవి ఒక కంపెనీ దగ్గర చిక్కుకుపోకూడదు.

ఉచితంగా దొరికేవాటిలో బహ్మ్ని పేరు వింటారు. ఓపెన్ఎమ్మారెస్ అనే ఉచిత రికార్డుల సాఫ్ట్‌వేర్ మీద కట్టిన ఇది వనరులు తక్కువగా ఉన్న ఆసుపత్రుల కోసమే తయారైంది. లైసెన్సుకి డబ్బు అక్కర్లేదు గానీ, దాన్ని పెట్టి చూసుకునే మనిషి కావాలి. దగ్గర్లో అలాంటి మనిషి లేకపోతే ఉచితం అన్న మాట చూసి దిగవద్దు.

ఎన్టీఆర్ వైద్య సేవ పోర్టల్ వేరు, మీ రికార్డుల సాఫ్ట్‌వేర్ వేరు. ఒకదాంట్లో కొడితే రెండోదాంట్లో పడుతుందని ఎవరైనా చెబితే, మీ కళ్ల ముందు చేసి చూపించమనండి.

4. కరెంటు, నెట్టు, బ్యాకప్

2014 అక్టోబర్‌లో హుద్‌హుద్, 2018 అక్టోబర్‌లో తిత్లీ తుపాన్లు మన మీదుగానే వెళ్లాయి. తిత్లీ తర్వాత శ్రీకాకుళం జిల్లా తీరంలోని ఉద్దానం ఊళ్లు రోజుల తరబడి చీకట్లో ఉన్నాయి. అలాంటి వారంలో కూడా రోగి మందుల వివరం కనిపించేలా ఏర్పాటు ఉండాలి. మామూలు రోజులను చూసుకుని ప్లాన్ వేస్తే మన తీరంలో సరిపోదు.

సర్వర్ ఆసుపత్రిలోనే పెట్టుకుంటే కింది అంతస్తులో పెట్టకండి. వంశధార, నాగావళి వరదనీళ్లు వచ్చే ప్రాంతాల్లో ఇది మరీ ముఖ్యం. సర్వర్‌కి, నెట్ బాక్సులకి, కౌంటర్‌కి, ప్రతి వార్డులో ఒక కంప్యూటర్‌కి యూపీఎస్ ఉండాలి. జనరేటర్ లైన్‌లో ఇవి ఉన్నాయో లేదో ఎలక్ట్రీషియన్‌తో మెయిన్ ఆపించి చూడండి. నెట్ కనెక్షన్లు రెండు, రెండు వేర్వేరు కంపెనీలవి. రెండూ ఒకే స్తంభం మీదుగా వస్తే రెండు ఉన్నా ఒక్కటే.

బ్యాకప్‌కి వాడుకలో ఉన్న నియమం: మూడు కాపీలు, రెండు రకాల పరికరాల మీద, ఒకటి వేరే ఊళ్లో. వేరే ఊరు అనగానే మనకు వైజాగ్ గుర్తొస్తుంది. హుద్‌హుద్ తీరం దాటింది అక్కడే. మన తుపాను, వాళ్ల తుపాను చాలాసార్లు ఒకటే. కాబట్టి బయటి కాపీ హైదరాబాదులోనో ముంబైలోనో ఉన్న క్లౌడ్‌లో ఉండాలి.

ఒక కాపీ నెట్‌వర్క్‌కి తగిలించకుండా విడిగా ఉంచండి. 2022 నవంబర్‌లో ఢిల్లీ ఎయిమ్స్ మీద సైబర్ దాడి జరిగినప్పుడు అంత పెద్ద సంస్థ కూడా చేత్తో రాసి పని నడపాల్సి వచ్చింది. వైరస్ నెట్‌వర్క్ మీద ఉన్న బ్యాకప్‌ను కూడా పాడుచేస్తుంది. విడిగా ఉన్న డిస్క్‌ను ముట్టుకోలేదు.

బ్యాకప్ అవుతోందని తెర మీద వచ్చే పచ్చగుర్తును నమ్మకండి. నెలకోసారి ఒక పాత కంప్యూటర్‌లోకి బ్యాకప్ తిరిగి ఎక్కించి, ఏదో ఒక రోగి రికార్డు తెరిచి చూడండి. తెరుచుకుంటేనే అది బ్యాకప్.

5. ఏది ముందు, ఏది తర్వాత

అన్ని విభాగాలూ ఒకేరోజు మార్చకండి. ఒక్కో విభాగానికి రెండు మూడు వారాలు ఇచ్చి, అది కుదిరాకే తర్వాతదానికి వెళ్లండి. నేను సూచించే వరస ఇది.

మొదట రిజిస్ట్రేషన్, బిల్లింగ్. ఇక్కడ తప్పు జరిగితే గొడవ అవుతుంది గానీ ప్రాణం పోదు. నంబర్ల పద్ధతి ఇక్కడే గట్టిపడుతుంది.

రెండోది ల్యాబ్. డిజిటల్ రికార్డు వల్ల రోగికి మొదట కనిపించే మేలు ఇక్కడే. ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు కిడ్నీ జబ్బు ఎంత ఉందో మనకు తెలియనిది కాదు. పలాసలో 2023 డిసెంబర్‌లో 200 పడకల కిడ్నీ ఆసుపత్రి, పరిశోధన కేంద్రం మొదలైంది. అక్కడికి పంపే ముందు రోగిని చూసేది మనమే. దీర్ఘకాలిక కిడ్నీ జబ్బు అని తేల్చాలంటే కిడ్నీలో తేడా మూడు నెలలకు మించి ఉండాలి. అంటే పాత రిపోర్టు, కొత్త రిపోర్టు రెండూ డాక్టరు ఎదుట ఉండాలి. కాగితాల్లో పాతది ఇంటి దగ్గర సంచిలో ఉండిపోతుంది. కంప్యూటర్‌లో వరసగా గీత గీసి చూపిస్తుంది.

ఆ గీత సరిగ్గా రావాలంటే మూడు పనులు చేయాలి. ఒకటి, పరీక్ష పేరు ఒకటే ఉండాలి. సీరం క్రియాటినిన్, ఎస్ క్రియాటినిన్, క్రియాట్ అని మూడు పేర్లు ఉంటే మూడు గీతలు వస్తాయి. పరీక్షల జాబితాను ల్యాబ్ టెక్నీషియన్‌తో కూర్చుని ఒకేసారి సరిచేసి, ఒక్కోదానికి లాయింక్ కోడ్ (ల్యాబ్ పరీక్షలకు ప్రపంచమంతా వాడే గుర్తింపు సంఖ్య) తగిలించండి. రెండు, కొలత. క్రియాటినిన్ డెసిలీటరుకి 1 మిల్లీగ్రాము అంటే లీటరుకి 88.4 మైక్రోమోల్‌లు. మెషీన్ ఏ కొలతలో ఇస్తుందో ప్రింటులో, తెర మీద తప్పక కనిపించాలి. మూడు, వయసు. కిడ్నీ పనితీరు చెప్పే ఈజీఎఫ్‌ఆర్ లెక్కను క్రియాటినిన్, వయసు, ఆడా మగా అన్నవి చూసి కడతారు. కౌంటర్‌లో ఎవరో 45కి బదులు 65 కొడితే, కిడ్నీ ఉన్నదానికంటే చెడ్డట్టు కనిపిస్తుంది. సింహాచలం గారు ఆడవారైతే మగవారని పడినా లెక్క మారిపోతుంది.

మూడోది డిశ్చార్జ్ సమ్మరీ. డాక్టర్లకు ఇందులో పని తగ్గుతుంది కాబట్టి వాళ్లు ఇష్టంగా ఒప్పుకుంటారు. ల్యాబ్ ఫలితాలు వాటంతటవే రావాలి, చేత్తో మళ్లీ కొట్టకూడదు. చివర ఒక పేజీ తెలుగులో పెట్టండి: ఏ మందు, ఉదయమా మధ్యాహ్నమా రాత్రా, తిన్నాకా తినకముందా, ఎన్ని రోజులు, మళ్లీ ఎప్పుడు రావాలి, ఏ లక్షణం కనిపిస్తే వెంటనే రావాలి. మీ పాత తెలుగు ఫారాలు డీటీపీ షాపులో అను ఫాంట్లలో (యూనికోడ్ కాని పాత తెలుగు ఫాంట్లు) కొట్టించినవైతే కొత్త సాఫ్ట్‌వేర్‌లో పిచ్చి అక్షరాలు వస్తాయి. వాటిని యూనికోడ్‌లోకి మార్పించి, డాక్టరు ఒకసారి పూర్తిగా చదవాలి. మార్చేటప్పుడు ఒత్తులు ఎగిరిపోతాయి.

నాలుగోది ఫార్మసీ స్టాకు, ఐదోది ఓపీ ప్రిస్క్రిప్షన్. వీటి గురించి పెద్దగా చెప్పేది లేదు. ఒక్క జాగ్రత్త: ఒక్కో డాక్టరు తరచూ రాసే మందుల జాబితా ముందే తయారుచేసి పెడితే, ఓపీలో రోగిని చూడకుండా తెర చూస్తూ కూర్చునే సమయం తగ్గుతుంది.

ఆరోది నర్సింగ్ చార్టులు: టీపీఆర్ (జ్వరం, నాడి, శ్వాస), ఇన్‌టేక్ అవుట్‌పుట్ (ఒంట్లోకి వెళ్లిన, బయటికి వచ్చిన ద్రవాల లెక్క), షుగర్ చార్టు. కంప్యూటర్ నర్సింగ్ స్టేషన్‌లోనే ఉంటే సిస్టరు చేతి మీదో చీటీ మీదో రాసుకొచ్చి తర్వాత కొడుతుంది. అప్పుడు బీపీ చూసిన సమయం ఒకటి, రికార్డులో సమయం ఇంకొకటి అవుతుంది. చక్రాల బల్ల మీద ల్యాప్‌టాప్ గానీ, ట్యాబ్ గానీ మంచం దగ్గరికి వెళ్లాలి.

ఆఖరున డ్రగ్ చార్టు, అంటే వార్డులో ఏ మందు ఎంత, ఎప్పుడు ఇవ్వాలో, ఇచ్చారో రాసేది. దీన్ని తొందరపడి ముందుకు తేవద్దు. మిగతా అన్నిచోట్లా స్టాఫ్ చేయి తిరిగాకే దీనికి రావాలి. వచ్చేముందు ఈ నియమాలు సాఫ్ట్‌వేర్‌లో పెట్టించండి:

- మోతాదు అంకె, కొలత వేర్వేరు గడులు. "యూనిట్లు" అని పూర్తి మాట, ఇంగ్లీషు U అన్న ఒక్క అక్షరం పొడి కాదు, అది సున్నాలా కనిపించి 10 కాస్తా 100 అవుతుంది
- అర అంటే 0.5, ముందు సున్నా తప్పనిసరి, ఒకటి అంటే 1, దాని పక్కన చుక్క సున్నా ఉండకూడదు
- అలర్జీ గడి ఖాళీగా ఉంటే మందు రాయనివ్వకూడదు. రోగికి అలర్జీ ఏదీ లేకపోతే "అడిగాం, లేదు" అని ఉండాలి
- ఇన్సులిన్, హెపారిన్, పొటాషియం క్లోరైడ్ ఇచ్చేటప్పుడు రెండో సిస్టరు కూడా చూసి తన పాస్‌వర్డ్‌తో ఒప్పుకోవాలి
- చేతి పట్టీ మీద పేరు, నంబరు రెండూ సరిచూశాకే మందు ఇవ్వాలి

6. పాత కాగితాల సంగతి

రికార్డు రూం మొత్తం స్కాన్ చేయించాలనే ఆలోచన మానుకోండి. డబ్బు ఖర్చవుతుంది, వాటిలో ఎక్కువ భాగం మళ్లీ ఎవరూ తెరవరు. రోగి మళ్లీ వచ్చిన రోజు అతని పాత కేస్ షీట్ తీసి స్కాన్ చేయడం మంచి పద్ధతి. కిడ్నీ, షుగరు, బీపీ, గుండె రోగులవి, ఇప్పుడు నెలలు నిండుతున్న గర్భిణులవి మాత్రం ముందే చేయండి.

స్కాన్ 300 డీపీఐలో, పీడీఎఫ్‌గా. ఫైలు పేరులో రోగి నంబరు, తేదీ, కాగితం రకం ఉండాలి. కేస్ షీట్ అంతా ఒకే ఫైలుగా పెడితే నలభై పేజీల్లో డిశ్చార్జ్ సమ్మరీ వెతుక్కోవాలి. విడగొట్టండి.

స్కాన్ అంటే బొమ్మ మాత్రమే, అందులోని అలర్జీని చూసి కంప్యూటర్ హెచ్చరించలేదు. అలర్జీలు, బ్లడ్ గ్రూపు, పెద్ద జబ్బులు, జరిగిన ఆపరేషన్లు, ఇప్పుడు వాడే మందులు, ఆఖరి క్రియాటినిన్, ఇవి చేత్తో ఎక్కించాలి. ఎక్కించినవాటిని డాక్టరు గానీ సీనియర్ సిస్టరు గానీ పాత కాగితంతో సరిచూడాలి.

ఎన్నాళ్లు ఉంచాలి? 2002 నాటి వైద్యుల ప్రవర్తనా నియమావళి ప్రకారం ఇన్‌పేషెంట్ రికార్డులు చికిత్స మొదలైన తేదీ నుంచి మూడేళ్లు ఉంచాలి. రోగి గానీ అధికారం ఉన్నవాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో ఇవ్వాలి. మూడేళ్లన్నది కనీసం. ఎంఎల్‌సీలు, కోర్టులో నడుస్తున్నవి, చిన్నపిల్లల, కాన్పుల కేసులు ఇంకా ఎక్కువ కాలం ఉంచాలి. ఎంతకాలమో మీ లాయరుతో రాయించుకోండి. సంతకం, వేలిముద్ర ఉన్న కాన్సెంట్ ఫారాల, ఎంఎల్‌సీల ఒరిజినల్స్ స్కాన్ చేసినా పారేయకూడదు. వైద్య సేవ కాగితాలు ఆడిట్ అయ్యేదాకా ఉంచండి.

పారేసేవాటిని ముక్కలు చేసే మెషీన్‌లో వేయించాలి. పాత పేపర్ల కొట్టుకి కిలోల లెక్కన అమ్మవద్దు. ఒకరి హెచ్‌ఐవీ రిపోర్టు బజ్జీల బండి దగ్గర పొట్లం కాకూడదు.

7. స్టాఫ్‌కి నేర్పడం

కంపెనీవాళ్లు వచ్చి హాల్లో అందరినీ కూర్చోబెట్టి రెండు గంటలు చెబితే ఎవరికీ రాదు. ఒక్కో వార్డు దగ్గర, వాళ్ల రోగుల ఉదాహరణలతో, చిన్న చిన్న గుంపులుగా నేర్పాలి. ప్రతి షిఫ్టులో ఒకరిని బాగా తయారుచేయండి. రాత్రి షిఫ్టులో అలాంటి మనిషి లేకపోతే ఆ రాత్రి పని మళ్లీ కాగితం మీదికి పోతుంది.

నలభై ఏళ్లుగా చేత్తో రాస్తున్న పెద్ద డాక్టరు గారు ఒప్పుకోకపోతే టెన్షన్ పడకండి. ఆయన చెబుతుంటే డ్యూటీ డాక్టరు కొట్టవచ్చు. కానీ ఆర్డర్ నడిచేముందు పెద్ద డాక్టరు తన సొంత పాస్‌వర్డ్‌తో చూసి ఒప్పుకోవాలి. ఆ ఒక్క పని వేరేవాళ్లకు అప్పగించకూడదు.

సిస్టర్ల మాట వినండి. "ఈ గడి నిండకపోతే ముందుకు వెళ్లనివ్వట్లేదు సార్, రోగి వాంతులు చేసుకుంటుంటే అది ఎక్కడ నింపమంటారు?" అని అడిగితే, మారాల్సింది ఆ గడి. అలాంటి మాటలు రాయడానికి వార్డులో ఒక నోటుబుక్ పెట్టి, వారానికోసారి చూసి, ఏం మార్చారో వాళ్లకు చెప్పండి.

8. కాగితం ఆపే రోజు

నెల ఎంచుకోవడం ముఖ్యం. జులై నుంచి జ్వరాల రద్దీ. అక్టోబర్, నవంబర్ తుపాన్ల కాలం, పైగా విజయనగరంలో పైడితల్లి సిరిమానోత్సవం. జనవరిలో సంక్రాంతికి స్టాఫ్ సెలవులు. ఆపై రథసప్తమికి అరసవల్లి జనం. అది అయ్యాక, ఎండలు ముదరకముందు ఉండే వారాలు అన్నిటికంటే అనువు. వారంలో సోమవారం వద్దు, ఓపీ ఎక్కువ. బుధవారం ఉదయం షిఫ్టు మారే సమయం బాగుంటుంది.

అప్పటికే అడ్మిట్ అయి ఉన్నవాళ్లను కాగితం మీదే కొనసాగించి డిశ్చార్జ్ చేయండి. కొత్త అడ్మిషన్లు కంప్యూటర్‌లో. ఎక్కువ రోజులు ఉండేవాళ్ల మందులు మాత్రం డాక్టరు కొడుతుంటే సిస్టరు పాత చార్టు పైకి చదవాలి.

రెండూ కలిపి నడిపే కాలం ఒక్కో విభాగానికి రెండు వారాలు మించకూడదు. ఆ రెండు వారాల్లో కూడా తేడా వస్తే ఏది ప్రమాణమో ముందే గోడ మీద అంటించాలి.

సిస్టమ్ ఆగిపోయినప్పటి కోసం ప్రతి వార్డులో ఒక సంచి:

- ఖాళీ కేస్ షీట్, డ్రగ్ చార్టు, ల్యాబ్ చీటీ, కనీసం ఒక రోజుకి సరిపడా
- తాత్కాలిక నంబర్లు ముందే ముద్రించిన స్టిక్కర్లు
- ప్రతి షిఫ్టులో కొత్తగా తీసిన ప్రింటు: వార్డులో ఉన్నవాళ్ల పేర్లు, నంబర్లు, అలర్జీలు, ఇప్పటి మందులు
- పెన్నులు, టార్చి, ఎవరికి ఫోన్ చేయాలో కాగితం

తిరిగి వచ్చాక ఆ కాగితాలు ఎవరు ఎక్కించాలో పేరు రాసి ఉండాలి. మందు ఇచ్చిన అసలు సమయమే వేయాలి, కొట్టిన సమయం కాదు.

9. తరచూ జరిగే పొరపాట్లు, సరిచేసే దారి

ఒకే పాస్‌వర్డ్ వార్డంతా వాడటం. అన్నిటికంటే ఎక్కువగా జరిగేది ఇదే, అన్నిటికంటే ప్రమాదం కూడా. రేపు కోర్టులో మందు ఎవరిచ్చారని అడిగితే జవాబు ఉండదు. తిట్టడం వల్ల ఇది ఆగదు. లాగిన్ అవ్వడానికి చాలా సేపు పడుతుంది కాబట్టే అలా చేస్తారు. కార్డు తాకిస్తేనో వేలు పెడితేనో తెరుచుకునేలా చేయండి.

నిన్నటి నోట్సు కాపీ చేసి ఇవాళ అతికించడం. మూడో రోజు కూడా "జ్వరం 102" అనే ఉంటుంది. రోజువారీ నోట్సులో కాపీ సౌకర్యం ఆపించండి, లేదా కాపీ చేసిన భాగం వేరే రంగులో కనిపించేలా పెట్టించండి.

వేరే రోగి పేజీలో కొట్టేయడం. తెర పైన పేరు, నంబరు, ఫొటో, వయసు పెద్దగా ఎప్పుడూ కనిపించాలి. ఒకేసారి ఇద్దరి పేజీలు తెరవనివ్వకండి. ఒకే వార్డులో ఒకే పేరువాళ్లు ఇద్దరుంటే సిస్టమ్ హెచ్చరించాలి, మంచాలు కూడా దూరంగా వేయండి.

తప్పు పడితే తుడిచేయడం. తుడవకూడదు. పాతది కొట్టివేతతో కనిపిస్తూ, పక్కన సవరణ, కారణం ఉండాలి.

కేస్ షీట్ ఫొటో తీసి వాట్సాప్‌లో పెద్ద డాక్టరుకు పంపడం. రాత్రిపూట అవసరం నిజమే. అందుకే ఆయన ఫోనులో ఆసుపత్రి యాప్ పెట్టించండి. దారి చూపించకుండా వద్దంటే ఎవరూ వినరు.

కౌంటర్ తెర జనం వైపు ఉండటం. టేబుల్ తిప్పితే సరిపోతుంది. కానీ హెచ్‌ఐవీ, మానసిక వైద్యం, అత్యాచార కేసుల వివరాలు చికిత్స చేసేవాళ్లకు తప్ప ఎవరికీ తెరుచుకోకూడదు. హెచ్‌ఐవీ గోప్యతకు 2017 చట్టం ఉంది, వ్యక్తిగత డేటాకు 2023 చట్టం ఉంది. ఎవరు ఏ రికార్డు తెరిచారో నెలకోసారి చిట్టా తీసి చూడండి.

10. మొదటి మూడు నెలలు

వారానికోసారి, ఒకే రోజున, ఒకే మనిషి వీటిని చూడాలి:

- ఆ వారం ఒకే మనిషికి పడ్డ రెండో నంబర్లు ఎన్ని, ఏ కౌంటర్‌లో, ఏ షిఫ్టులో
- డిశ్చార్జ్ రోజే పూర్తికాని సమ్మరీలు
- మందు ఇచ్చిన సమయానికీ ఎక్కించిన సమయానికీ అరగంట మించి తేడా ఉన్నవి
- ఇంకా ఎక్కడైనా పక్కన నోటుబుక్ నడుస్తోందా
- యాదృచ్ఛికంగా తీసిన పది రికార్డులు మొదటి నుంచి చివరిదాకా చదివితే రోగి కథ అర్థమవుతోందా

ఈ జాబితా నిలకడగా మెరుగుపడ్డాకే ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్‌లోకి రికార్డులు కలపండి. దానికి ఆసుపత్రిని ఆరోగ్య సంస్థల రిజిస్ట్రీలో, డాక్టర్లను, సిస్టర్లను వృత్తి నిపుణుల రిజిస్ట్రీలో నమోదు చేయాలి. కౌంటర్‌లో క్యూఆర్ కోడ్ పెడితే ఫోను ఉన్న రోగి స్కాన్ చేసి వివరాలు పంపి టోకెన్ తీసుకుంటాడు, స్పెల్లింగ్ తప్పులు తగ్గుతాయి. రికార్డు బయటికి వెళ్లేది రోగి అనుమతితోనే కాబట్టి, ఆ అనుమతి దేనికో ఒక్క నిమిషం తెలుగులో చెప్పగలిగిన మనిషిని ఆ కౌంటర్‌లో కూర్చోబెట్టండి. ఇచ్ఛాపురం, సోంపేట వైపు ఆసుపత్రులైతే ఒడియా వచ్చినవాళ్లు కూడా ఒకరు ఉండాలి.